ఫారిన్ పోస్టింగ్ వచ్చిన మిలట్రీ ఇల్లు: ఏ చట్టం వర్తిస్తుంది, ఏది వర్తించదు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపూరు వైపు తెలుగు ఇళ్లకు మిలట్రీ ఉద్యోగం కొత్త కాదు. గోపాలపూర్‌లో సైన్యపు ఎయిర్ డిఫెన్స్ కాలేజీయే ఉంది. కొత్తగా కనిపించేదల్లా విదేశీ పోస్టింగ్. ఆ మాట ఇంట్లో పడగానే మూడు కబుర్లు వీధిలోకి పోతాయి. అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్లొచ్చట. అక్కడ ఏం జరిగినా పోలీసులు ముట్టుకోరట. అక్కడ బిడ్డ పుడితే ఆ దేశపు పౌరసత్వం వచ్చేస్తుందట. మూడూ శుద్ధ అబద్ధాలైతే తేలిగ్గా కొట్టిపారేయొచ్చు. కానీ ఒక్కొక్కటీ ఎవరో కొద్దిమంది విషయంలో నిజమే. అందుకే ఆ కబుర్లు చావవు.

చిక్కు విడదీయాలంటే ముందు అడగాల్సింది ఏ దేశానికి అని కాదు, ఏ హోదాలో అని. సైనికుడి భార్య అయినంత మాత్రాన పరాయి దేశంలో పుట్టుకొచ్చే హక్కు ఏదీ లేదు. ఉన్న హక్కులన్నీ రెండు కొక్కేలకు వేలాడుతుంటాయి: ఒకటి మన ప్రభుత్వం ఇచ్చిన పోస్టింగ్ ఉత్తర్వు, రెండోది ఆ దేశపు విదేశాంగ శాఖ రిజిస్టర్‌లో ఎక్కిన పేరు. ఏ ఒక్కటి ఊడినా హక్కు ఊడినట్టే.

ఒకే మాట, నాలుగు రకాల ఉద్యోగాలు

మొదటిది రాయబార కార్యాలయంలోని రక్షణ విభాగం. కుటుంబానికి నిజమైన చట్టపరమైన రక్షణ దొరికేది ప్రధానంగా ఇక్కడే. రెండోది భూటాన్‌లోని భారత సైనిక శిక్షణ బృందం. 1962 నుంచి పనిచేస్తున్న ఈ బృందానికి కేంద్రం హా పట్టణం. అక్కడికి వెళ్లడానికి భారతీయులకు వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ చాలు. దాంతో చాలామంది అది మన దేశం లాంటిదే అనుకుంటారు. వీసా అక్కర్లేనంత మాత్రాన అక్కడి చట్టం వర్తించకుండా పోదు.

మూడోది ఐక్యరాజ్యసమితి శాంతి దళం. దక్షిణ సూడాన్, కాంగో, లెబనాన్, గోలన్ ఇవన్నీ ఆ కోవలోవే. దళాలతో పాటు కుటుంబాలు వెళ్లవు. నాలుగోది శిక్షణ కోర్సు. పిలిచిన దేశం ఇచ్చే కాగితంలోనే కుటుంబం రావచ్చో లేదో రాసి ఉంటుంది. ఉదాహరణకు అమెరికా తన సైనిక కోర్సులకు పిలిచే ప్రతి ఒక్కరికీ ఒక ఆహ్వాన ప్రయాణ ఉత్తర్వు ఇస్తుంది. అందులో కుటుంబానికి అనుమతి లేదని ఉంటే, సొంత ఖర్చుతో వెళ్లిన భార్య హోదా మామూలు పర్యాటకురాలిదే.

బయల్దేరేది పార్ట్ టూ ఆర్డర్ నుంచి

విదేశం సంగతి తర్వాత. అసలు సైన్యం దృష్టిలో మీరు కుటుంబమా కాదా అన్నది రికార్డ్స్ ఆఫీసులో తేలుతుంది. పెళ్లి, బిడ్డ పుట్టుక, విడాకులు, పేరు మార్పు, ఇవన్నీ యూనిట్ ద్వారా పార్ట్ టూ ఆర్డర్‌గా, అంటే సైనికుడి సొంత వివరాలను సర్వీసు రికార్డుకెక్కించే ఉత్తర్వుగా, పడాలి. పెళ్లికి వెయ్యిమంది వచ్చినా, ఆ ఆర్డర్ పడకపోతే భార్య పేరు సర్వీసు పత్రాల్లో ఉండదు. పాస్‌పోర్టుకు యూనిట్ ఇచ్చే సర్టిఫికెట్‌లోనూ ఉండదు.

సరిహద్దు జిల్లాల్లో ఇక్కడే బండి ఆగుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి గీత పడింది గానీ, సంబంధాలు గీత చూసుకుని కుదరవు. అబ్బాయిది బరంపురం, అమ్మాయిది ఇచ్ఛాపురం. అబ్బాయి స్కూలు సర్టిఫికెట్‌లో ఇంటిపేరు చివర ఉంటుంది, అమ్మాయి ఆధార్‌లో ముందు ఉంటుంది, అదీ ఒక్క పొడి అక్షరంగా. మిలట్రీ రికార్డులో ఇంకో వరస. ఒడియా స్పెల్లింగ్ నుంచి ఇంగ్లీషులోకి, తెలుగు నుంచి ఇంగ్లీషులోకి రాసేటప్పుడు అదే పేరు రెండు రకాలుగా తేలుతుంది. పాస్‌పోర్టు దరఖాస్తు ఇంటిపేరునూ పేరునూ విడివిడిగా, పొడి అక్షరాలు విప్పి అడుగుతుంది. కాబట్టి పోస్టింగ్ వచ్చాక పరుగెత్తడం కంటే, పెళ్లి రిజిస్ట్రేషన్ నాడే అబ్బాయి సర్వీసు రికార్డులో ఉన్న వరసను పట్టుకుని అమ్మాయి పత్రాలన్నీ దానికి సరిపోయేలా దిద్దించుకోవడం మేలు. ఒడియాలో ఉన్న పత్రానికి నోటరీ చేసిన ఇంగ్లీషు అనువాదం జతచేయాలి. విదేశీ అధికారులకు చూపించాల్సిన పెళ్లి, పుట్టుక సర్టిఫికెట్లకు విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర కూడా కావాలి. ఒక అంతర్జాతీయ ఒప్పందం కింద సభ్యదేశాలన్నీ గుర్తించే ధ్రువీకరణ అది. ఆ ఒప్పందంలో భారత్ 2005లో చేరింది. ఒప్పందంలో లేని దేశమైతే ఆ దేశపు ఎంబసీ ధ్రువీకరణ వేరే.

పాస్‌పోర్టు అట్ట రంగు గురించి ఒక మాట. రాయబారులకు ముదురు ఎరుపు, అధికారిక పనిమీద వెళ్లేవారికి తెలుపు, మామూలు జనానికి నీలం. తెల్ల పాస్‌పోర్టు చేతికి రాగానే రక్షణ వచ్చేసిందని మురిసిపోయేవారున్నారు. రక్షణ ఇచ్చేది అట్ట కాదు. మన ఎంబసీ ఆ దేశపు విదేశాంగ శాఖకు ‘ఫలానా కుటుంబ సభ్యులు వచ్చారు’ అని తెలియజేయడం, వాళ్లు ఒప్పుకుని గుర్తింపు కార్డు ఇవ్వడం అసలు సంగతి. ఇది రాయబార సంబంధాల మీద కుదిరిన 1961 వియన్నా ఒప్పందంలో 10వ అధికరణం. మిలట్రీ అటాషేల, అంటే ఎంబసీలో ఉండే సైనిక ప్రతినిధుల, విషయంలో ఇంకో మెట్టు ఎక్కువ: 7వ అధికరణం ప్రకారం ఆ దేశం పేర్లు ముందే పంపమని అడిగి, నచ్చితేనే ఒప్పుకోవచ్చు.

ఎంబసీ కుటుంబానికి దొరికే రక్షణ ఎంత

వియన్నా ఒప్పందంలో కుటుంబాల గురించి చెప్పేది 37వ అధికరణం. మన దేశంలో దీనికి 1972 చట్టం ద్వారా బలం ఇచ్చారు, అంటే ఢిల్లీలో ఉండే విదేశీ ఎంబసీల కుటుంబాలకూ ఇవే లెక్కలు. ఈ అధికరణం మనుషుల్ని మూడు అంతస్తుల్లో పెడుతుంది.

పై అంతస్తులో రాయబార హోదా ఉన్న అధికారి. డిఫెన్స్ అటాషే సాధారణంగా ఈ వరసలోకి వస్తారు. ఆయన ఇంట్లో కలిసి ఉండే కుటుంబ సభ్యులకు, వాళ్లు ఆ దేశపు పౌరులు కానంతవరకు, ఆయనతో సమానమైన రక్షణ ఉంటుంది. అరెస్టు చేయకూడదు, ఇంట్లోకి చొరబడకూడదు, క్రిమినల్ కేసు నడపకూడదు. సివిల్ దావాల్లో మూడు మినహాయింపులున్నాయి: ఆ దేశంలో కొనుక్కున్న సొంత స్థిరాస్తి, వారసత్వ తగాదా, సొంత వ్యాపారం లేదా వృత్తి. ఈ మూడోదే ఇల్లాళ్ల మెడకు చుట్టుకునేది. ఇంట్లో ఆవకాయ పెట్టి అమ్మడం, పిల్లలకు సంగీతం ట్యూషన్ చెప్పి ఫీజు తీసుకోవడం కూడా వ్యాపారమే. దానిమీద ఎవరైనా దావా వేస్తే రక్షణ అడ్డం రాదు. పైగా వర్క్ పర్మిట్ లేకుండా పని చేసినట్టు లెక్క. కొన్ని దేశాలతో మన ప్రభుత్వానికి ఎంబసీ కుటుంబాలు ఉద్యోగం చేసుకునే ఒప్పందాలున్నాయి. ఉన్నచోట కూడా ముందు అనుమతి కావాలి. ఆ ఉద్యోగానికి సంబంధించిన తగాదాల్లో రక్షణ వదులుకోవాలి, పన్ను కట్టాలి.

రెండో అంతస్తులో క్లర్కులు, సహాయక సిబ్బంది. రక్షణ విభాగంలో పనిచేసే హవల్దార్లు, జేసీఓలు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు) సాధారణంగా ఇక్కడుంటారు. వీళ్లకూ కుటుంబాలకూ క్రిమినల్ కేసుల నుంచి రక్షణ పూర్తిగా ఉంది. సివిల్ రక్షణ మాత్రం డ్యూటీలో చేసిన పనికే. భార్యకు డ్యూటీ ఏముంటుంది? కాబట్టి ఆమెకు సివిల్ రక్షణ దాదాపు లేనట్టే. కారుతో ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం దావా నేరుగా ఆమె మీదికే వస్తుంది. బీమా లేకుండా బండి తీయకూడదనేది ఇందుకే. సుంకం లేకుండా సామాను తెచ్చుకునే వెసులుబాటు కూడా వీళ్లకు మొదటిసారి కాపురం పెట్టేటప్పుడే. ఏడాది పోయాక తెప్పించుకునే ఫ్రిజ్జుకు అది వర్తించదు.

కింది అంతస్తులో డ్రైవర్ల వంటి సేవా సిబ్బంది. వీళ్లకు డ్యూటీలో చేసిన పనులకే రక్షణ. వీళ్ల కుటుంబాలకు ఈ ఒప్పందం ఏమీ ఇవ్వదు.

‘ఇంట్లో కలిసి ఉండే కుటుంబం’ అంటే ఎవరన్నది ఒప్పందం నిర్వచించలేదు. ప్రతి దేశం తన లెక్క తాను పెట్టుకుంటుంది. అమెరికాలో భార్య లేదా భర్త, పెళ్లికాని పిల్లలు 21 ఏళ్ల వరకు, పూర్తికాలం చదువుతుంటే 23 వరకు. తల్లిదండ్రుల్ని చేర్చాలంటే ప్రత్యేకంగా అడిగి ఒప్పించుకోవాలి. అటాషే తల్లి అక్కడికి వెళ్లి ఆరునెలలు ఉన్నంత మాత్రాన ఈ గొడుగు కిందికి రాదు. మన ఇళ్లలో అత్తమామలు కుటుంబం కాకపోవడమేమిటని ఆశ్చర్యం వేయొచ్చు. ఆ నిర్వచనాలు రాసినవాళ్ల ఇళ్లు వేరు.

ఇంకో సంగతి తరచూ మరుగునపడుతుంది. ఈ రక్షణ కుటుంబం సొత్తు కాదు, పంపిన దేశం సొత్తు. 32వ అధికరణం ప్రకారం దాన్ని వదులుకునే అధికారం ప్రభుత్వానిదే. మీరు వద్దన్నా ప్రభుత్వం వదులుకోవచ్చు, మీరు వదులుకుంటానన్నా కుదరదు.

భర్తకు లేనిది భార్యకు దక్కిన కేసు

కాగితంలో ఒక్క వాక్యం తప్పితే ఏమవుతుందో ఇంగ్లండ్‌లో 2019లో చూశారు. ఆ ఏడాది ఆగస్టు 27న క్రౌటన్ వైమానిక స్థావరం బయట రాంగ్ సైడ్‌లో వచ్చిన కారు ఢీకొని హ్యారీ డన్ అనే 19 ఏళ్ల కుర్రాడు చనిపోయాడు. కారు నడిపింది అక్కడ పనిచేసే అమెరికన్ ఉద్యోగి భార్య. ఆ స్థావరం గురించి 1995లో రెండు ప్రభుత్వాలు ఒక ఏర్పాటు చేసుకున్నాయి: డ్యూటీ బయట చేసే నేరాలకు అక్కడి సిబ్బందికి రక్షణ ఉండదని అమెరికా ఒప్పుకుంది. సిబ్బంది అని రాశారు, కుటుంబాలు అని రాయలేదు. భర్త గుద్ది ఉంటే కేసు నడిచేది. భార్య గుద్దింది కాబట్టి ఆమెకు రక్షణ నిలిచింది. ఆమె స్వదేశానికి వెళ్లిపోయింది. 2020 జూలైలో రెండు ప్రభుత్వాలూ ఆ కంత పూడ్చాయి. 2022 డిసెంబర్‌లో లండన్ కోర్టు ఆమెకు 8 నెలల జైలు శిక్ష వేసి, దాని అమలు నిలిపివేసింది.

రక్షణ ఉంది కదా అని నేరం గాలిలో కలిసిపోదు. వియన్నా ఒప్పందం 31వ అధికరణమే సొంత దేశపు కోర్టుల అధికారం మాఫీ కాదంటుంది. మన దగ్గర భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 1 ప్రకారం భారత పౌరులు ప్రపంచంలో ఎక్కడ చేసిన నేరానికైనా ఇక్కడ విచారించవచ్చు. కానీ కేంద్ర ప్రభుత్వం ముందస్తు మంజూరు కావాలి, అది నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 208. సైనికుడి సంగతి మరీ గట్టిది. సైనిక చట్టానికి లోబడని వ్యక్తిపై హత్య, అత్యాచారం వంటి నేరం చేస్తే, మామూలుగా దేశంలో కోర్టు మార్షల్‌కు, అంటే సైనిక కోర్టుకు, ఆ కేసు వెళ్లదు, సివిల్ కోర్టుకే వెళ్తుంది. 1950 ఆర్మీ చట్టం సెక్షన్ 70 ప్రకారం విదేశంలో జరిగితే మాత్రం కోర్టు మార్షలే విచారించవచ్చు.

శాంతి దళం, విదేశీ సైన్యాలు

శాంతి దళం గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి 1990లో తయారుచేసిన నమూనా ఒప్పందం ప్రకారం దళ సభ్యుడు చేసే నేరాలపై అధికారం పూర్తిగా అతని దేశానిదే. కుటుంబాలకు అందులో చోటు లేదు. జీతం మీద కూడా ఒక అపోహ ఉంది. 2018లో సాధారణ సభ ఖరారు చేసిన నెలకు 1,428 డాలర్లు సైనికుడి చేతికి వచ్చేది కాదు, సైన్యాన్ని పంపిన ప్రభుత్వానికి ఇచ్చే లెక్క.

ఇప్పుడు ఇంకో రకం ఇళ్లు పెరిగాయి. కొడుకో అల్లుడో అమెరికా వెళ్లి అక్కడి సైన్యంలో చేరి, జర్మనీ స్థావరానికి బదిలీ అయ్యాడు. కాన్పుకు బరంపురం నుంచి అమ్మ వెళ్లాలి. ఇక్కడ వర్తించేది 1951 జూన్ 19న లండన్‌లో కుదిరిన నాటో దళాల హోదా ఒప్పందం. దాని మొదటి అధికరణంలో ఆధారపడినవారు అంటే భార్య లేదా భర్త, పోషణలో ఉన్న పిల్లలు. అంతే. జర్మనీ 1959 అనుబంధ ఒప్పందంలో, డబ్బు కోసమో ఆరోగ్యం కోసమో ఆ సైనికుడి మీద ఆధారపడి అతని ఇంట్లోనే ఉండే దగ్గరి బంధువులకు తలుపు కొంచెం తీసింది. కాన్పుకు వచ్చి వెళ్లే అమ్మ ఆ లెక్కలోకి రాదు. ఆమెది మామూలు షెంగెన్ వీసా, 180 రోజుల్లో 90 రోజుల గడువు. మనవడు రెండు వారాలు ఆలస్యంగా పుట్టాడని ఆ గడువు పెరగదు, టికెట్టు తీసేటప్పుడే లెక్క వేసుకోవాలి.

నాటో ఒప్పందపు ఆ మొదటి అధికరణంలోనే చాలామంది గమనించని మెలిక ఒకటుంది. సైన్యంతో వెళ్లే సివిలియన్ ఉద్యోగుల హోదా నాటో సభ్యదేశం కాని దేశపు పౌరులకు దక్కదు. అంటే ఇంకా భారత పాస్‌పోర్టుతో ఉన్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఆ హోదాలో వెళ్లలేడు. సైనికుడి భార్యకు మాత్రం ఆ పౌరసత్వ షరతు లేదు.

ఈ కుటుంబాలపై నేరం మోపితే విచారించేది ప్రధానంగా స్థానిక కోర్టే. కోర్టు మార్షల్ కుదరదు. 1957 జూన్‌లో రీడ్ వర్సెస్ కోవర్ట్ తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు, శాంతికాలంలో సైనికుడి భార్యను మరణశిక్ష పడే నేరానికి సైనిక కోర్టు విచారించడం చెల్లదంది. 1960 తీర్పుతో మిగతా నేరాలకూ అదే వర్తించింది. దాంతో ఏర్పడిన ఖాళీని 2000లో ఒక ఫెడరల్ చట్టంతో పూడ్చారు: ఏడాదికి మించి శిక్ష పడే నేరాలను అమెరికాలోని మామూలు కోర్టుకు తీసుకెళ్లొచ్చు.

ఊళ్లో పొలం, కోర్టు, ఓటు

ఇదంతా అక్కడి సంగతి. నిజానికి చాలా ఇళ్లకు దెబ్బ తగిలేది ఇక్కడే, గట్టు తగాదాలో. మనిషి దేశంలో లేడని తెలిసి దాయాదులు దావా వేస్తారు. దీనికోసం వందేళ్ల కిందటే ఒక చట్టం ఉంది, 1925 ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టం. సముద్రాల అవతల గానీ దేశం వెలుపల గానీ పనిచేసే సైనికుడిని ఇది ప్రత్యేక పరిస్థితుల్లో ఉన్నవాడిగా లెక్కిస్తుంది. అతని తరఫున నిర్ణీత సైనికాధికారి సర్టిఫికెట్ కోర్టుకు అందితే విచారణ ఆపాలి. అతని తరఫున ఎవరూ లేరని తెలిస్తే కలెక్టర్ కూడా కోర్టుకు తెలియజేయవచ్చు. రెండు మినహాయింపులు గుర్తుంచుకోవాలి: ముందు కొనుగోలు హక్కు (బయటివాళ్లకంటే ముందు తనకే అమ్మాలని అడిగే హక్కు) దావాల్లోనూ, ఉమ్మడి ఆస్తిలో అన్నదమ్ముడి ప్రయోజనమే సైనికుడిది కూడా అయి ఆ అన్నదమ్ముడు గట్టిగా వాదిస్తున్నప్పుడూ కోర్టు ఆపకపోవచ్చు. ఉమ్మడి పొలాల కేసుల్లో సర్టిఫికెట్ పెట్టినా వాయిదా దొరకని కారణం తరచూ ఇదే.

కేసు నడిపించాలనే ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 28వ ఆర్డర్ ఉంది. సెలవు దొరకని సైనికుడు కమాండింగ్ ఆఫీసర్ ఎదుట సంతకం చేసి, ఆయన కూడా సంతకం పెట్టిన అధికార పత్రం కోర్టులో వేస్తే, తండ్రో భార్యో అతని బదులు దావా నడపవచ్చు. దీనికి స్టాంపు పేపరు పవర్ ఆఫ్ అటార్నీ అక్కర్లేదు. సెలవు దొరికి వస్తే, ఆర్మీ చట్టం సెక్షన్ 32 ప్రకారం సెలవు సర్టిఫికెట్ చూపించి ఆ సెలవులోపే విచారణ ముగించమని అడగవచ్చు. కోర్టు వీలైనంతవరకు అలా చేయాలి.

అమ్మకానికి, కొనుగోలుకు మాత్రం పవర్ ఆఫ్ అటార్నీ కావాల్సిందే. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 33 ప్రకారం విదేశంలో ఉన్నవాళ్లు దాన్ని అక్కడి నోటరీ ముందు గానీ భారత కాన్సులేట్‌లో గానీ రాయించుకోవచ్చు. ఎక్కువమంది తప్పేది తర్వాతి మెట్టులో. ఆ కాగితం భారత్‌కు చేరిన 3 నెలల్లో స్టాంపు వేయించాలి. కొరియర్ కవరు పారేయకూడదు, చేరిన తేదీకి అదే సాక్ష్యం. పొలం సగం ఇచ్ఛాపురం మండలంలో, సగం గంజాం జిల్లాలో ఉంటే రెండు రాష్ట్రాలకూ విడివిడి పత్రాలు రాయించుకోవడం తెలివైన పని. స్టాంపు రేట్లు వేరు, భూమి రికార్డులు వేరు. ఇటు ఖతియాన్, అటు అడంగల్.

ఓటు దగ్గర సరిహద్దు ఇళ్లు చేసే పొరపాటు ఒకటే. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 20 ప్రకారం సైనికుడికి సొంతూరి నియోజకవర్గంలోనే సర్వీసు ఓటు, దరఖాస్తు ఫారం 2 మీద. అతనితో ఉంటున్న భార్యకు కూడా. 2021 సవరణతో భార్య స్థానంలో జీవిత భాగస్వామి అని మార్చారు, కాబట్టి మహిళా అధికారి భర్తకూ వర్తిస్తుంది. పద్దెనిమిది నిండిన కొడుక్కి, కూతురికి వర్తించదు. భార్య పేరు పుట్టింట ఆంధ్ర జాబితాలో అలాగే ఉండిపోతుంది, ఇటు బరంపురంలో సర్వీసు ఓటు పడుతుంది. ముందు అక్కడ తీయించాలి. తప్పుడు డిక్లరేషన్‌కు ఏడాది వరకు జైలు ఉంది. పోస్టల్ బ్యాలెట్ కంప్యూటర్‌లో వస్తుంది గానీ తిరిగి పంపేది పోస్టులోనే, లెక్కింపు మొదలయ్యేలోపు చేరాలి. నమ్మకం లేకపోతే ఫారం 13ఎఫ్‌తో అదే నియోజకవర్గంలో ఉండే మనిషిని బదులు ఓటరుగా పెట్టుకోవచ్చు. ఆ మనిషికి సిరా చూపుడు వేలికి కాదు, ఎడమ చేతి మధ్యవేలికి వేస్తారు, తన సొంత ఓటు తనకుంటుంది కాబట్టి.

అక్కడ పుట్టిన బిడ్డ

అమెరికాలో రాయబార హోదా ఉన్న తల్లిదండ్రులకు పుట్టిన బిడ్డకు ఆ దేశపు పౌరసత్వం పుట్టుకతో రాదు. మన చట్టమూ ఇక్కడి విదేశీ రాయబారుల బిడ్డల విషయంలో ఇంచుమించు అలాగే ఉంది. అలాగని భారత పౌరసత్వం దానంతటదే వచ్చేయదు కూడా. పౌరసత్వ చట్టం సెక్షన్ 4 ప్రకారం 2004 డిసెంబర్ 3 తర్వాత విదేశంలో పుట్టిన బిడ్డను ఏడాదిలోపు భారత కాన్సులేట్‌లో నమోదు చేయించాలి. వేరే దేశపు పాస్‌పోర్టు లేదని డిక్లరేషన్ ఇవ్వాలి. నాన్న ప్రభుత్వోద్యోగి కదా, ఎంబసీలోనే పని కదా అని ఊరుకుంటే కుదరదు. ఏడాది దాటితే కేంద్రం అనుమతి కావాలి. నమోదు కాకుండానే తిరిగొచ్చి ఇక్కడ స్థిరపడితే జనన మరణ నమోదు చట్టం కింద వచ్చిన 60 రోజుల్లో జననాన్ని రాయించుకునే వీలుంది. అది జనన సర్టిఫికెట్ ఇస్తుంది, కాన్సులేట్ నమోదు చేసే పని చేయదు.

చదువు మధ్యలో ఆగకుండా కేంద్రీయ విద్యాలయాలు విదేశాల్లో మూడున్నాయి: ఖాట్మండు, మాస్కో, టెహ్రాన్. మిగతా చోట్ల స్థానిక స్కూలో, ఇంటర్నేషనల్ స్కూలో.

రక్షణ ఎప్పుడు ముగుస్తుందన్నది 39వ అధికరణం చెబుతుంది. పోస్టింగ్ అయిపోయాక దేశం విడిచిన క్షణం, లేదా సర్దుకుని వెళ్లడానికి ఇచ్చిన సమంజసమైన గడువు తీరిన క్షణం, ఏది ముందైతే అది. ఉద్యోగి అక్కడే చనిపోతే కుటుంబానికి అదే రక్షణ ఆ గడువు వరకు కొనసాగుతుంది, ఆయన వస్తువులు తీసుకుపోనివ్వాలి, వాటి మీద వారసత్వ పన్ను వేయకూడదు. గడువు ఎన్ని రోజులన్నది ఒప్పందంలో లేదు. అమెరికా సాధారణంగా 30 రోజులు ఇస్తుంది. ఆ చివరి తేదీని ఎంబసీ నుంచి రాతపూర్వకంగా తీసుకోవాలి. స్కూలు టీసీ, అద్దె ఇంటి అడ్వాన్సు, కారు అమ్మకం, సామాను కంటెయినర్, అన్నీ ఆ తేదీలోపే తెమలాలి.